మఱుగుపడిన ఒక క్రియాపదము

పల్నాడను పేరు వినగానే తెలుగువారికి బ్రహ్మనాయుడును, నాయకురాలు నాగమ్మయు, కారెంపూడి కదనరంగమును స్ఫురించుట సహజము. కాని యీ సీమకు కత్తుల చరిత్రయే కాక అక్షరముల చరిత్రయు గలదు. కృష్ణానది యొడ్డున విజయపురిలో ఇక్ష్వాకురాజులు క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో రాజ్యము చేసిరి. వారి యింటి స్త్రీలు బౌద్ధచైత్యములకు స్తంభములు నిలిపి వానిపై తమ పేర్లు చెక్కించిరి. మాచెర్ల ప్రాంతమందలి మంచికల్లులో పల్లవుల తొలినాటి ప్రాకృత శాసనమొకటి దొరికినది. నరసరావుపేట ప్రాంతమందలి విప్పర్ల గ్రామమున తూర్పు చాళుక్యరాజగు జయసింహవల్లభుని తెలుగు శాసనమున్నది. అది ఏడవ శతాబ్ది నాటిది. ఆ వంశమువారి తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనదిగా ఎన్నబడుచున్నది. 2022వ సంవత్సరమున పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పుడు అమరావతియు అందులోనే చేరినది. కావున ప్రాకృతము మొదలు తెలుగు వఱకు రాతిపై భాష నడచివచ్చిన త్రోవ యంతయు ఈ యొక్క జిల్లాలోనే చూడవచ్చును.

రాతిపై అక్షరములున్నంత మాత్రమున అర్థము తెలిసినట్లు కాదు. శాసనమును చదువుట వేఱు, గ్రహించుట వేఱు. శాసన పరిశోధకులు మొదట రాతిని శుభ్రపఱచి, తడిపిన కాగితమును దానిపై పఱచి, అక్షరముల పల్లములలోనికి కాగితము దిగునట్లు కుంచెతో కొట్టుదురు. పిదప సిరా పూసిన మెత్తతో పైపైన అద్దుదురు. మిట్టభాగము నల్లనగును, అక్షరములు తెల్లగా నిలుచును. ఆ కాగితము ఆఱిన తరువాత ఇంటికి గొనిపోయి, దీపము దగ్గఱ కూర్చుండి ఒక్కొక్క అక్షరమే పోల్చుకొందురు. అంతవఱకు కంటిపని. అటుపైన మొదలగునది బుద్ధిపని.

ఆ బుద్ధిపనిలో నామవాచకములు అంతగా బాధింపవు. రాజు పేరు, ఊరి పేరు, దేవుని పేరు వేఱొకచోట దొరకుచునే యుండును. అమరావతి శిలలలో 'నాగబు' అను మాటను గుర్తించి, అది తెలుగుమాట యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చెప్పినప్పుడు పండితలోకము సంతోషించినది. కాని ఒక్క నామము దొరికినంతనే ఒక వాక్యము దొరికినట్లు కాదు. పేర్లు ఒక భాషనుండి వేఱొక భాషకు బాటసారులవలె పోవుచుండును. క్రియ యట్లు కాదు. ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, చేసినారా చేయవలెనా చేయరాదా అను సంగతులన్నియు క్రియయొక్క తుదిలో అంటుకొని యుండును. అందువలన క్రియ తెలియనిచో వాక్యము తాళము వేసిన పెట్టెవంటిది. లోపల ఏదో యున్నదని తెలియును, ఏమున్నదో తెలియదు.

తొలినాటి తెలుగు దానశాసనములలో ఇట్టి తాళపు పెట్టె యొకటి కలదు. అది 'ఴచ్చు' అను క్రియ. దానశాసనములకు ఒక కట్టుబాటున్నది. మొదట రాజు పేరు, పిదప దానము పుచ్చుకొన్నవాని పేరు, ఇచ్చిన నేల, సాక్షులు, చివర శాపము వచ్చును. ఆ చివరి శాపములో, దీనిని 'ఴచ్చినవాన్ఱు' పంచమహాపాతకములు చేసినవాడగునని యుండును. శాపము తగులువాడెవడో తెలిసినది. శిక్ష యేమో తెలిసినది. వాడు చేసిన తప్పేమి? ఆ తప్పు పేరే యీ క్రియ. నేటి తెలుగువానికి దానిని పలుకుటయే కష్టము.

ఇది చిన్న విషయము కాదు. ఒక బ్రాహ్మణునకో, ఒక గుడికో ఇచ్చిన పొలమును కాపాడుటకు ఆనాడు కంచె లేదు, కాగితము లేదు. రాయియు, ఆ రాతిమీది యీ యొక్క క్రియయు కాపలా కాచినవి. దాని యర్థము పొరబడినచో రాజు దేనిని నిషేధించెనో మనకు తెలియకుండ పోవును. భూమిని అమ్ముటనా? దున్నుటనా? పన్ను వేయుటనా? దానమును రద్దుచేయుటనా?

ఇట్టి చిక్కు తెలుగునాట మాత్రమే కలిగినది కాదు. తురుష్కదేశమందలి అనటోలియా పీఠభూమిలో ఇంతకంటె పెద్దచిక్కును విప్పిన కథ యొకటి కలదు. దానిని తెలిసికొన్నచో మన క్రియను విప్పు మార్గము సుగమమగును.

1887లో ఈజిప్టుదేశమున అమర్నా అనుచోట మట్టిపలకలపై వ్రాసిన ప్రాచీన రాజలేఖలు బయటపడినవి. అవి క్రీస్తుపూర్వము పదునాలుగవ శతాబ్ది నాటివి. వానిలో అధికభాగము నాటి రాచకార్యములకు వాడుకలోనున్న అక్కాడు భాషలో నున్నవి. పండితులకు ఆ భాష తెలియును. కాని రెండు లేఖలు మాత్రము ఎవరికిని తెలియని భాషలో నుండెను. అవి ఈజిప్టు రాజునకును, అనటోలియాలోని అర్జావా దేశపు రాజునకును నడచిన ఉత్తరములు. లిపి పాతదే, భాష క్రొత్తది. చదువవచ్చును గాని గ్రహింపరాదు.

నార్వేదేశపు పండితుడు క్నూట్జన్ ఆ లేఖలను చేతబట్టెను. ఆయన యెఱిగిన అమర్నా లేఖలన్నియు ఒకే తీరున మొదలగుచుండెను. 'నాకు క్షేమము, నా యింటికి, నా గుఱ్ఱములకు, నా రథములకు క్షేమము, నీకును క్షేమమగు గాక' అని రాజులు రాజులకు వ్రాసికొనెడివారు. మన పెద్దలు ఉత్తరము మొదట 'ఉభయకుశలోపరి' యని వ్రాయుట వంటిదే యిది. తెలియని భాషలోని లేఖకూడ అదే తీరున మొదలగుచున్నదని ఆయన కనిపెట్టెను. 'నీకు క్షేమమగు గాక' యనవలసిన చోట, 'అగు గాక' అను క్రియయొక్క స్థానమున, 'ఎస్తు' అను పదము కనబడెను.

తెలుగు విద్యార్థికి ఇక్కడ చెవి నిక్కబొడుచుకొనక మానదు. 'శుభమస్తు', 'తథాస్తు', 'దీర్ఘాయురస్తు' అను దీవెనలు ప్రతి పెండ్లిలోను వినవచ్చునవే గదా! ఆ 'అస్తు' అనగా 'అగు గాక' యనియే యర్థము. 1902లో క్నూట్జన్ తన గ్రంథమును ప్రకటించి, ఈ భాష సంస్కృతము, గ్రీకు, లాటిను చేరిన కుటుంబములోనిదే యని చెప్పెను. విద్వాంసులు నమ్మలేదు. ఒక్క పదము పోలినంతనే చుట్టరికము కలుపుట తగదని ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనదే. కాకతాళీయముగా రెండు భాషలలో రెండు మాటలు పోలవచ్చును. ఆయనయు తన మాటను గట్టిగా నిలబెట్టుకొనజాలక వెనుకకు తగ్గెను. సత్యమును మొదట చూచినవానికే దానిపై నమ్మకము సడలుట శాస్త్రచరిత్రలో అరుదు కాదు.

1906లో జర్మను పండితుడు వింక్లరు బొఘజ్‌కోయ్ అను గ్రామము దగ్గఱ త్రవ్వింపగా వేలకొలది మట్టిపలకలు దొరికినవి. అది హిత్తీయుల రాజధానియగు హత్తుసా పట్టణము. ఆ పలకలలో అధికభాగము అర్జావా లేఖల భాషలోనే యుండెను. వానిని చదువు భారము చెకోస్లొవాకియా ఇంకను ఏర్పడని ఆ దినములలో వియన్నాలో పనిచేయుచున్న చెక్కు పండితుడు హ్రోజ్నీపై బడెను. మొదటి ప్రపంచయుద్ధము జరుగుచున్న కాలమది. ఆయన సైన్యములో ఉద్యోగము చేయుచునే యీ పనిని సాగించెను.

ఆయన కంట ఒక వాక్యము పడెను. ఉచ్చారణను బట్టి దానిని 'ను నిందాన్ ఎజ్జత్తేని, వాతర్ మ ఎకుత్తేని' యని వ్రాసికొనవచ్చును. ఇందులో ఆయనకు నిశ్చయముగా తెలిసినది ఒక్క గుర్తు మాత్రమే. అది సుమేరువారి నుండి ఎరువు తెచ్చుకొన్న గుర్తు. దానికి 'రొట్టె' యని యర్థము. ఎరువు గుర్తనగా నేమి? మనము '7' అని అంకె వేయుదుము. తెలుగువాడు దానిని 'ఏడు' అని చదువును, తమిళుడు 'ఏఴు' అని చదువును, ఆంగ్లేయుడు 'సెవెన్' అని చదువును. గుర్తొకటే, మాటలు వేఱు. అట్లే హిత్తీయుల మాట యేదైనను రొట్టెగుర్తు రొట్టెగుర్తే.

రొట్టె యున్నచోట తినుట యుండవలెను గదా! 'ఎజ్జ' అనునది తినుటకు సంబంధించిన క్రియ కావచ్చునని హ్రోజ్నీ యూహించెను. జర్మను భాషలో తినుటకు 'ఎస్సెన్' అనియు, లాటినులో 'ఎదో' అనియు నందురు. సంస్కృతమున 'అద్' అను ధాతువునకు తినుట యని యర్థము. మనము దినదినము భుజించు 'అన్నము' ఆ ధాతువునుండి పుట్టినదే, అన్నమనగా తినబడునది. తరువాతి 'వాతర్' అను మాట చూచినచో ఆంగ్లము చదువు పిల్లలైనను చెప్పగలరు. అది 'వాటర్', అనగా నీరు. నీటి ప్రక్కనున్న క్రియ యేది? 'ఎకుత్తేని'. రొట్టెతో తినుట జతయైనచో నీటితో త్రాగుట జత కావలెను. 'ఇప్పుడు మీరు రొట్టె తిందురు, నీరు త్రాగుదురు' అని వాక్యము తాళము విడినది.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. 'ఎజ్జత్తేని' యొక్క యర్థము చుట్టములైన భాషల సాక్ష్యమువలన గట్టిపడినది. 'ఎకుత్తేని' కట్లు కాదు. సంస్కృతమందు గాని జర్మనులో గాని వెంటనే పోల్చదగిన సుపరిచితమైన మాట దానికి లేదు. దాని యర్థమును చెప్పినది దాని ప్రక్కనున్న మాటలే. తెలియని యూరిలో ఒక మనుష్యుని గుఱించి తెలిసికొనవలెనన్నచో రెండు దారులున్నవి. వాని బంధువులెవరో అడుగవచ్చును. లేదా వాడెవరితో తిరుగుచున్నాడో చూడవచ్చును. ఈ వాక్యములో ఒక క్రియ మొదటి దారిని, రెండవ క్రియ రెండవ దారిని దొరికినవి.

హ్రోజ్నీ 1915 నవంబరులో బెర్లినునందు తన సిద్ధాంతమును ఉపన్యసించెను. 1917లో గ్రంథము ప్రకటించెను. ఈసారి పండితులు ఒప్పుకొనక తప్పలేదు. ఏలయనగా పోలినది ఒక్క మాట కాదు, క్రియల తుదిభాగముల వరుసయే పోలినది. 'వారు తిందురు' అనుటకు హిత్తీయ భాషలో 'అదన్జి', సంస్కృతములో 'అదన్తి'. 'అగు గాక' అనుటకు అందు 'ఎస్తు', ఇందు 'అస్తు'. మాటలను ఎరువు తెచ్చుకొందురు గాని క్రియల తోకలను ఎవరును ఎరువు తెచ్చుకొనరు. క్నూట్జన్ చూచినది నిజమేనని పదమూడేండ్ల తరువాత తేలినది. ఇంతమాత్రమున హిత్తీయ భాష సంస్కృతమునుండి పుట్టినదని యనుకొనరాదు. రెండును ఒక పురాతన భాషకు పుట్టిన అక్కచెల్లెండ్రు.

ఇక మన 'ఴచ్చు' కడకు వత్తము. ఇందులో మొదట నున్న అక్షరమును నేటి తెలుగు పిల్లలు ఎఱుగరు. అది తమిళ మలయాళములలో నేటికిని నిలిచియున్న ధ్వని; 'తమిఴ్' అను మాట చివర వినబడునది. తెలుగులోను ఒకప్పుడుండెను. రేనాటి చోడుల కాలమున రాళ్లపై వ్రాయబడెను. నన్నయ నాటికి పూర్తిగా తొలగిపోయెను. అందువలన కావ్యములలో లేదు, అక్షరమాలలో లేదు. దీనిని 'ల' యని చదివినవాడు 'లచ్చి'ని, అనగా లక్ష్మిని తలంచుకొని శాపవాక్యములో సంపదను వెదకును. 'డ' యని చదివినవాడు 'అడచు' అను క్రియతో ముడిపెట్టును. రెండును ప్రక్కదారులే. 'అడగు', 'అడచు' అనువానికి సరియైన తమిళపదము 'అడంగు'. అందీ ధ్వని లేదు. కావున ఆ కుటుంబము వేఱు, ఈ కుటుంబము వేఱు.

మొదట రెండవ దారినే పోవుదము. ఈ క్రియ యెవరితో తిరుగుచున్నది? ఎల్లప్పుడును శాపములోనే, పంచమహాపాతకముల ప్రక్కనే, వారణాసిలో గోవులను చంపిన పాపము వంటి మాటల పొరుగుననే తిరుగుచున్నది. అదే చోట సంస్కృత శాసనములు భూమిని అపహరించుటను గుఱించి చెప్పును. పాత కన్నడ శాసనములు అదే చోట 'అఴి' అను క్రియను వాడును. బాదామిలో చాళుక్య మంగలేశుని శాసనమున ఆఱవ శతాబ్దినాడే అది కలదు. కన్నడమున దాని యర్థము 'చెఱచు, నాశముచేయు' అని సుప్రసిద్ధము. తమిళమునను 'అఴి' యనగా నశించుట, నశింపజేయుట. పొరుగువాని యింట అదే మూలన అదే పనికి వాడు పనిముట్టు, మన యింటిలోని పనిముట్టును పోలియున్నచో రెంటికిని సంబంధమున్నదని యనుకొనుట తప్పు కాదు.

కాని పోలికయే ఋజువు కాదు. 'అఴి' యెక్కడ, 'ఴచ్చు' ఎక్కడ? మొదటి 'అ'కారమేమైనది? ఇచ్చట చుట్టరికపు దారి తోడ్పడును. తమిళమున 'ఇరండు' అనునది తెలుగున 'రెండు'. అక్కడ 'ఉరల్', ఇక్కడ 'రోలు'. అక్కడ 'ఉలక్కై', ఇక్కడ 'రోకలి'. అక్కడ 'అవన్', ఇక్కడ 'వాడు'. తెలుగుభాష పూర్వకాలమున మాట మొదటనున్న అచ్చును లోపలికి నెట్టి, దాని తరువాతి హల్లును ముందునకు తెచ్చెను. ముందు జంటహల్లున్నచో అచ్చు 'రెండు'లోవలె హ్రస్వముగ నిలిచెను. లేనిచో 'రోలు'లోవలె దీర్ఘమయ్యెను. 'మాఱు' అనుదానికి '-చు' చేర్చినచో 'మార్చు' అగునట్లు, 'అఴి'కి '-చు' చేరి, ముందటి యచ్చు లోపలికి పోగా 'ఴచ్చు' అయ్యెనని పండితులు నిర్ణయించిరి. ఒక్క మాటకు మాత్రమే చెప్పిన సూత్రమైనచో అనుమానింపవచ్చును. రోలు, రోకలి, రెండు, రేయి అనునవన్నియు సాక్ష్యము పలుకుచుండగా అనుమానమునకు తావు తగ్గుచున్నది.

దున్నుట యనుదానికి తమిళమున 'ఉఴు' అందురు. అదియు తెలుగున ఇదే రీతిని తిరుగబడి, తరువాత 'ఴ' పోయి 'ద' రాగా 'దున్ను' అయినది. మాట నడుమ నున్న 'ఴ' సామాన్యముగ 'డ' యైనది. ఏఴు - ఏడు, కోఴి - కోడి, నిఴల్ - నీడ, చోఴ - చోడ. అందువలననే తంజావూరి రాజులు చోళులైరి, మన రేనాటివారును వెలనాటివారును చోడులైరి. ఇట్లు తెలుగు ధాతువుల నన్నిటిని వరుసగా పరిశీలించి భద్రిరాజు కృష్ణమూర్తిగారు 'తెలుగు వెర్బల్ బేసెస్' అను గ్రంథమును 1961లో ప్రకటించిరి. క్రియలకే ఒక మహాగ్రంథము అంకితమగుట తెలుగునకు దక్కిన భాగ్యము. అంతకు పూర్వమే 1816లో ఎల్లిస్ దొర తెలుగు సంస్కృతజన్యము కాదని చూపగా, 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల వ్యాకరణమును రచించి త్రోవ వేసియుండెను.

'వాన్ఱు' అను రెండవ మాట సులభముగానే తేలును. అది క్రమముగా 'వాణ్డు' అయి, 'వాండు' అయి, తుదకు 'వాడు'గా స్థిరపడెను. పాత పుస్తకములలో 'వాఁడు' అని అరసున్నతో అచ్చువేయుట చూచి పిల్లలు విసుగుకొందురు. ఆ అరసున్న వట్టి యలంకారము కాదు; రాతిమీద నిండుగా పలికిన 'న'కారము తరిగి తరిగి మిగిలిన ఆనవాలు.

ఇప్పుడు వాక్యము తెలిసినది: 'దీనిని చెఱచినవాడు పంచమహాపాతకుడగును'. అయినను ఒక సందేహము మిగిలినది. పొలమును ఎట్లు నాశము చేయుదురు? ఇంటిని కూల్చవచ్చును, చెఱువును తెగగొట్టవచ్చును. నేల యెక్కడికి పోవును? 'దీనిని' అనుమాట నేలను చెప్పుట లేదు, దానమును చెప్పుచున్నది. నేల యుండును, ఇచ్చినవాని మాట పోవును. తరువాతి శాసనములలో రక్షించినవానికి అశ్వమేధఫలము కలుగుననియు, చెడగొట్టినవానికి పాపము కలుగుననియు రెండును ప్రక్కప్రక్కన చెప్పుట చూచినచో ఈ భావము నిలుచును. రక్షింపదగినది రాజుగారి మాటయే. కావున 'ఴచ్చు' అనగా ఇచ్చట 'ధర్మమును చెఱచు, ఏర్పాటును భగ్నముచేయు' అని చెప్పుట సమంజసము. నిఘంటువులో వ్రాయు అర్థమునకును, వాక్యములో కుదురు అర్థమునకును గల యీ భేదమును గమనింపనివారు శాసనములను చదువరాదు.

నేడు మన వాడుకలో ఆ క్రియ లేదు. దాని పనిని 'చెఱచు', 'పాడుచేయు' అనునవి చేయుచున్నవి. అందు 'పాడు' అనుదానికి తమిళరూపము 'పాఴ్'. పోయిన క్రియ స్థానమున వచ్చినదానిలోను పోయిన అక్షరమే దాగియుండుట విచిత్రము.

క్రియలు పోవుట సహజము. రాళ్లు పోవుటయే విచారకరము. అమరావతి స్తూపపు పాలరాతి ఫలకములు పెక్కు సున్నమునకై కాల్చబడినవి. 1797లో మెకంజీ అచ్చటికి వచ్చునాటికే వినాశము మొదలైనది. నాగార్జునకొండ అదృష్టము కొంత మేలు. 1926లో ఆ ప్రాంతపు బడిపంతులొకరు చూపిన ఆనవాళ్లను బట్టి మద్రాసు శాసనశాఖకు చెందిన సరస్వతిగారు అచ్చటి శిథిలములను గుర్తించిరి. పిదప లాంగ్‌హర్స్టు త్రవ్వించెను; వోగెల్ పండితుడు శాసనములను పరిష్కరించి ప్రకటించెను. నాగార్జునసాగరము కట్టుటవలన లోయ నీట మునుగునని తేలెను; 1955 డిసెంబరు 10న దానికి శంకుస్థాపన జరిగెను. 1954 నుండి 1960 వఱకు సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున లోయనంతయు త్రవ్వి, ముఖ్యములైన కట్టడములను కొండపైకి చేర్చిరి. చాంతిసిరి మొదలగు రాచయింటి స్త్రీలు నిలిపిన స్తంభములపై 'ఖంభం', 'పతిఠపితం' అను ప్రాకృత పదములను నేటికిని చూడవచ్చును. వానిలో రెండవది 'ప్రతిష్ఠింపబడినది' అను క్రియారూపము. మొదటిది మన గుడి ముందటి ధ్వజస్తంభమునకు పల్లెజనులు వాడు 'గెడకంబము' అను మాటలోని 'కంబమే'.